మూడో రేకు

పోయిన వారం మనం అక్కని వర్క్‌షాపు నడిమధ్యన, ఇనప కుర్చీలో, చేతికర్ర ఒళ్లో అడ్డంగా పెట్టుకుని కూర్చున్న చోట వదిలేసి వచ్చాం. ఆమె ఇంకా అక్కడే ఉంది. ఎడమ పక్కన తమ్ముడు, కుడి పక్కన మొగుడు, ఎదురుగా టార్పాలిన్ కప్పుకుని బండోడు. "మీ ఇద్దరూ కలిసి చూసి తేల్చండి. తేలేదాకా నేను ఈ కుర్చీలోంచి లేవను, మీకు అన్నం పెట్టను" అని ఆమె అన్న మాట దగ్గర ఆగాం. ఆ రెండో బెదిరింపుకే ఇద్దరూ ఎక్కువ జంకారని అప్పుడు చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను.

కొత్తగా చేరినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. బండోడంటే మనిషి కాదు, బండి. నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందే పాత కొండబండి. అక్క పెళ్లి కంటే పాతది, ఆ పెళ్లి కంటే తక్కువ మరమ్మతులు అడిగింది. అక్కకి మొక్కల నర్సరీ ఉంది. కుండీలూ అంట్లూ వేసుకుని కొండ మీది తోటలకి వెళ్లేది ఈ బండిలోనే. చలికాలం మొదట్లో ఒకరోజు కుండీలు దించి దించి మణికట్టు లాగేస్తోందని ఆమె పక్కకి జరిగితే బావ స్టీరింగు పట్టుకున్నాడు. దిగి వస్తుండగా చక్రం ఒక గుంతలో పడింది, కాసేపటికి బండి రోడ్డు పక్క కాలవలో పడింది. అక్క మోకాలు విరిగింది. గుంతకీ కాలవకీ మధ్య ఏం జరిగిందన్నదే ఇన్ని వారాలుగా మనం తేల్చుకోలేని సంగతి.

"స్టీరింగు చేతుల్లో ఆగలేదు, జల్లెడ పట్టినట్టు ఊగిపోయింది" అంటాడు బావ. "అంతకు ముందే ముందు చక్రాల యాక్సిల్ మొత్తం విప్పి, కడిగి, బిగించాను. నా పనిలో లోపం లేదు. ఆయన కునుకు తీశాడు" అంటాడు తమ్ముడు. ఆ వర్క్‌షాపు మెకానిక్కు అతనే. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది అని కూడా అన్నాడు, అదీ బావకి వినిపించేలా. వీధికి అంతకంటే ఏం కావాలి? బండి ఊగిందా, బావ తూగాడా అని టీకొట్టు దగ్గర నవ్వుకోవడం మొదలైంది. నవ్వు డిపో దాకా పాకింది. బావ బస్సు డ్రైవరు. కునుకు తీసేవాడికి బస్సెలా ఇస్తామని వాళ్లు అతన్ని స్టీరింగు ముందు నుంచి లేపి టికెట్ల కిటికీ వెనక కూర్చోబెట్టారు. వచ్చే సోమవారం మేనేజరు మాట్లాడతానన్నాడు. బండిలో లోపం ఉందని చూపిస్తే బస్సు, చూపించలేకపోతే ఎప్పటికీ కిటికీయే.

ఇదీ పరిస్థితి. ఇంకొక చిన్న సంగతి చెప్పి టార్పాలిన్ తీద్దాం.

ఆ పొద్దున్నే పశువుల డాక్టరమ్మ తన బండి కోసం వచ్చింది. బండోడికి తోబుట్టువే అది. అదే కంపెనీ, దాదాపు అదే వయసు. బ్రేక్ ఆయిల్ మార్చమని ముందురోజు వదిలి వెళ్లింది. "బ్రేకు సరే, ఈ స్టీరింగు సంగతేమిటయ్యా? మలుపు తిప్పితే భుజాలు పడిపోతున్నాయి" అంది. "వెడల్పు టైర్లు వేయించారు కదండీ, బరువుండదూ మరి! వద్దన్నాను, మీరు వినలేదు" అన్నాడు తమ్ముడు. కుళాయి దగ్గర సబ్బుపొడితో చేతులు రుద్దుకుంటున్న పెద్దాయన తలెత్తి నవ్వాడు. గేటు దాకా ఆమె వెంట నడిచాడు. ఆమె అద్దం దించి ఆయనతో ఏదో చెప్పింది, ఆయన చెయ్యి ఊపాడు. "క్షేమంగా వెళ్లిరా అమ్మా, ఇవాళ బాగుంటుంది" అన్నాడు.

పెద్దాయనంటే అక్కకీ తమ్ముడికీ తండ్రి. వర్క్‌షాపు పెట్టింది ఆయనే, బావకి పని నేర్పిందీ ఆయనే, నేర్పి పిల్లనిచ్చిందీ ఆయనే. రెండు కళ్లలోనూ పొరలు కమ్మాయి. షుగరు దిగితే గానీ ఆపరేషన్ చెయ్యమని డాక్టర్లన్నారు. షుగరు దిగనంటోంది. అందుకని కొడుకు ఆయన చేతిలోంచి స్పానర్లు తీసేసుకున్నాడు. "కూర్చో నాన్నా, చూస్తూ ఉండు చాలు" అన్నాడు. చూపు లేని మనిషిని చూస్తూ ఉండమనడం ఎంత తెలివో అతనికి తోచలేదు. పెద్దాయన పైగదిలో ఉంటాడు. ఎండ కావాలనిపిస్తే ఇనప మెట్లు దిగి వస్తాడు. డాక్టరమ్మని పంపించాక మళ్లీ పైకి వెళ్లిపోయాడు.

ఇక టార్పాలిన్ తీశారు. బంపరు వంకర, ముందు ఎడమ దీపం లేదు, మిగతా అంతా దుమ్ము.

"అక్కా, టైర్లు చూడమను ఆయన్ని" అన్నాడు తమ్ముడు.

"నాకు చెవుడు" అంది అక్క.

"మీ తమ్ముడికి చెప్పు, టైర్లు నేను ఎప్పుడో చూశానని" అన్నాడు బావ.

"నాకు నోరు కూడా లేదు. ఇన్నాళ్లూ మీ ఇద్దరి మధ్యా పోస్టుమాన్ పని చేశాను. ఇవాళ సెలవు."

ఇద్దరూ ఆమె వైపు చూశారు. ఆమె కప్పు రేకుల వైపు చూసింది. నాలుగు నెలలుగా ఆ ఇంట్లో ఉప్పు అందుకోవాలన్నా ఆమె మీదుగానే అందుకున్నారు పాపం. ఆమె తప్పుకుంటే ఏం చెయ్యాలో ఇద్దరికీ తెలియలేదు. చివరికి తమ్ముడే గోడ వైపు తిరిగి గోడకి చెప్పినట్టు అన్నాడు.

"ఒకరు స్టీరింగు ముందు కూర్చోవాలి."

బావ ఎక్కి కూర్చున్నాడు.

పాత బండి స్టీరింగు ఎందుకు ఊగుతుందో చెప్పమంటే ఊరికో కారణం చెబుతారు. టైరు సమంగా లేకపోవచ్చు, రాడ్ల చివర్లు అరిగి ఉండొచ్చు, కీళ్లలో రబ్బరు బుష్‌లు పోయి ఉండొచ్చు, బేరింగు లూజై ఉండొచ్చు. ఒక్కొక్కటీ మార్చుకుంటూ పోతే బండి ఖరీదు అయిపోతుంది, ఊగడం మిగిలిపోతుంది. పెద్దాయన నేర్పిన పద్ధతి వేరు. బండి తన బరువు మీద తాను నేల మీద నిలబడి ఉండాలి. ఒకరు లోపల కూర్చుని స్టీరింగుని ఎడమకీ కుడికీ కొద్దికొద్దిగా కదపాలి. ఇంకొకరు కింద పడుకుని ఒక్కో కీలు మీదా వేళ్లు పెట్టి చూడాలి. కంటికి కనిపించని కదలిక వేలికి తెలుస్తుంది. ఈ పని ఒక్కడి వల్ల కాదు. ప్రమాదం అయ్యాక తమ్ముడు ఒక్కడే ఒకసారి చూసుకున్నాడు, బావ ఒక్కడే ఇంకోసారి చూసుకున్నాడు. ఎవరికి కావలసింది వాళ్లకి దొరికింది.

"ఎడమ" అన్నాడు కింద నుంచి తమ్ముడు. "కుడి. ఎడమ. మెల్లిగా, అది బస్సు కాదు."

"నాకు తెలుసు అది బస్సు కాదని. బస్సు నీ పుణ్యమా అని పోయింది కదా."

"కుడి."

రాడ్ల చివర్లు గట్టిగా ఉన్నాయి. స్టీరింగు పెట్టె కదలడం లేదు. పట్టీల బుష్‌లు కొంచెం పగిలాయి గానీ అంత గొడవ చేసేవి కావు. తమ్ముడి చెయ్యి ఒక్కో కీలూ దాటుకుంటూ పోయింది. అలా పోతూ పోతూ, నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా అడగని మాట అడిగాడు. పైన మనిషి మొహం కనపడదు కాబట్టి అడగ్గలిగాడేమో.

"ఎలా ఊగింది?"

పైన స్టీరింగు కదలడం ఆగింది.

"గుంత దాటగానే చిన్నగా మొదలైంది" అన్నాడు బావ. "ముందు వణుకనుకున్నా. రెండుసార్లు ఊపిరి పీల్చుకునేంతలో చేతులు ఎగిరిపోయాయి. స్టీరింగు ఇటూ అటూ కొడుతోంది, బొటనవేలికి తగిలి గోరు ఊడింది. కాలు తీసేశా, స్పీడు తగ్గింది, ఊగడం మాత్రం ఆగలా. బ్రేకు తొక్కితే ఇంకా రెచ్చిపోయింది. ముందు చక్రాలు రెండూ ఒకదాన్నొకటి తన్నుకుంటున్నట్టే ఉంది. ఇది గట్టిగా అరిచింది. అంతే, కాలవ."

అక్క కర్ర మీద చెయ్యి బిగించింది. ఇది అన్నది తననే.

మెకానిక్కు మనసులో ఏముందో మనం ఊహించగలం. కాలు తీసినా ఆగలేదు, బ్రేకు తొక్కితే ఎక్కువైంది అని చెప్పడం కునుకు తీసినవాడికి చేతకాదు. ఆ రోగం చూసినవాడికే ఆ లక్షణాలు తెలుస్తాయి. బొటనవేలి గోరు సంగతి అతను ఎప్పుడూ అడగలేదు. ఆ వేలికి కట్టు కట్టుకుని బావ ఎన్నో రోజులు అతని ఎదురుగానే అన్నం తిన్నాడు.

"జాకీ పెడతాను, దిగకు" అన్నాడు తమ్ముడు.

ముందు ఎడమ చక్రం గాలిలోకి లేచింది. తమ్ముడు దాని ముందు గొంతుక్కూర్చుని, పైన ఒక చెయ్యీ కింద ఒక చెయ్యీ వేసి ఊపాడు. టక్కుమంది. మళ్లీ ఊపాడు, మళ్లీ టక్కుమంది.

"విన్నావా?" అన్నాడు బావ లోపలి నుంచి. "నేను అప్పుడే చెప్పాను, కింగ్‌పిన్ లూజని!"

"అది చక్రం బేరింగు. కాలవలో పడ్డ దెబ్బకి వదులైంది. నేను అప్పుడే చూశాను."

"కింగ్‌పిన్."

"బేరింగు."

"ఒరేయ్, మీ ఇద్దరికీ పని నేర్పింది ఎవర్రా?" అంది అక్క. సెలవు పెట్టిన సంగతి మరిచిపోయింది. "బ్రేకు తొక్కి చూడాలని నాకే తెలుసు. మొక్కలమ్ముకునేదాన్ని నేను!"

ఇద్దరికీ తెలిసిన పాఠమే అది. చక్రం బేరింగు లూజయినా, కింగ్‌పిన్ లూజయినా చేతికి ఒకేలా తెలుస్తుంది. లోపల ఒకరు బ్రేకు తొక్కి పడితే చక్రమూ దాని ఇరుసూ ఒకటైపోతాయి. అప్పుడు టక్కుమనడం ఆగితే లోపం బేరింగుది. ఆగకపోతే అంతకు వెనకాల ఉన్న కింగ్‌పిన్‌ది, అంటే చక్రం పక్కలకి తిరిగే ఆ కీలుది. ఒంటరిగా చూసుకున్నప్పుడు ఎవరి కాలు బ్రేకు మీద ఉంటుంది? అందుకే అతనికి బేరింగైంది, ఇతనికి కింగ్‌పిన్ అయింది.

"తొక్కు" అన్నాడు తమ్ముడు.

"తొక్కాను."

"గట్టిగా."

"నిలబడి తొక్కుతున్నా."

ఊపాడు. టక్కుమంది.

తమ్ముడు చక్రం మీద నుంచి చేతులు తీసి మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. కింగ్‌పిన్ అతను బిగించినదే. తప్పు నీదని ఇప్పుడు ఎవరూ అనక్కర్లేదు. బావ గెలిచాడు. మెల్లిగా బ్రేకు వదిలి, దిగి వచ్చి, పక్కన నిలబడ్డాడు.

"నేను కాటా పెట్టి బిగించాను, బావా" అన్నాడు తమ్ముడు. నాలుగు నెలల తరువాత నోట్లోంచి వచ్చిన మొదటి బావా అది. "నా మీద ఒట్టు. స్ప్రింగు కాటా తగిలించి లాగి చూశాను. ఎంత రావాలో అంతే వచ్చింది. రెండు వైపులా రెండేసి రేకులు. అప్పుడే కొత్త ఫెల్టులు కూడా వేశాను."

"విప్పుదాం పట్టు" అన్నాడు బావ.

ఈ రేకుల సంగతి కొంచెం చెప్పాలి. కింగ్‌పిన్‌కి పైనొక మూత, కిందొక మూత. పై మూత కింద పల్చటి ఇనప రేకులు వేసి బిగువు సరిచేస్తారు. రేకు తీస్తే బిగువు పెరుగుతుంది, రేకు వేస్తే వదులవుతుంది. బిగువైతే స్టీరింగు బరువు, వదులైతే తేలిక. మరీ వదులైతే ఏమవుతుందో బావ బొటనవేలు చెబుతుంది. ఇక ఫెల్టులంటే, ఆ కీలు చుట్టూ దుమ్ము పోకుండా ఒత్తుకుని కూర్చునే ఉన్ని రింగులు. కొత్తవి వేసిన మొదట్లో పట్టేసి స్టీరింగుని బరువు చేస్తాయి. తరువాత అవే నలిగి సర్దుకుంటాయి. అందుకే ముందు కాటా పెట్టి బిగువు చూసుకుని, ఆ తరువాత ఫెల్టులు వేస్తారు. తమ్ముడు అలాగే చేశాడు.

నాలుగు నట్లూ ఊడాయి. బావ మూతని స్క్రూడ్రైవరుతో లేపాడు, తమ్ముడు గోటితో రేకులు ఒక్కొక్కటీ తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. ఒకటి. రెండు. గ్రీజులో ఇంకొకటి అతుక్కుని ఉంది.

"మూడోది నేను వెయ్యలేదు" అన్నాడు.

గుడ్డతో తుడిచాడు. అది కంపెనీ రేకు కాదు. డబ్బా మూత కత్తిరించి చేసిన రేకు. మధ్యలో గుండ్రటి కన్నం, చుట్టూ బోల్టులకి నాలుగు కన్నాలు, అంచులన్నీ ఆకురాయితో మెత్తగా రాసి ఉన్నాయి. ఒక పక్క నీలం రంగు, ఆ నీలం మీద సగం తెగిన తెల్లటి పువ్వు. ఎంత శ్రద్ధగా చేశారో! కంపెనీ వాళ్లు కూడా అంచు అంత మెత్తగా రాయరు.

ఆ నీలం డబ్బా ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఒకప్పుడు బిస్కెట్లకి, తరువాత పిన్నులకీ వాషర్లకీ వాడిన డబ్బా. కొంతకాలంగా అది మూత లేకుండా కనిపిస్తోంది. స్పేర్ పార్టులు దొరకని రోజుల్లో డబ్బా మూతలు కత్తిరించి రేకులు చేసిన మనిషి ఆ ఇంట్లో ఒక్కడే ఉన్నాడు.

ముగ్గురూ ఒకేసారి పైగది కిటికీ వైపు చూశారు. తరువాత ముగ్గురూ ఒకేసారి చూపు దించుకున్నారు.

"నేనే చెప్పాను" అంది అక్క.

"ఏం చెప్పావు?"

"స్టీరింగు బిగుసుకుపోయింది నాన్నా, తిప్పలేక చచ్చిపోతున్నా, మణికట్టు లాగేస్తోంది అన్నాను. ఊరికే అన్నాను, అన్నం పెడుతూ."

"నాతో అనొచ్చు కదక్కా!"

"నీతో అంటే ఏమన్నావు? కొత్త ఫెల్టులు, కొన్నాళ్లు ఓపిక పట్టు అన్నావు. అన్నావా లేదా?"

"అన్నాను."

"తరువాత వారం ఎక్కితే వెన్నలా తిరిగింది. నువ్వు చెప్పినట్టు ఫెల్టులు సర్దుకున్నాయనుకున్నా. మా తమ్ముడు భలే పనిమంతుడు అని అందరికీ చెప్పుకున్నా" అంది అక్క. ఆ మాట అంటూనే ఏడ్చింది. కర్ర జారి కింద పడింది, ఎవరూ తియ్యలేదు.

కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. పెద్దాయన వేళ్లు స్టీరింగు బిగువు కనిపెట్టాయి, అది నిజం. ఆ బిగువు ఫెల్టులదని తెలియాలంటే అవి కొత్తవని కంటితో చూడాలి. ఆయనకి కనిపించలేదు. కాటా మీద అంకె చదవలేడు కాబట్టి కాటా పెట్టలేదు. కొడుకు బిగువు ఎక్కువ చేశాడనుకుని, కూతురి చెయ్యి నొప్పి తగ్గాలని, ఎవరూ లేనప్పుడు దిగి వచ్చి, తడుముకుంటూ ఒక రేకు వేశాడు. ఫెల్టులు నలిగాక దాచిన వదులంతా బయటపడింది. అప్పుడే బావ స్టీరింగు పట్టుకోవడం బావ ఖర్మ.

తమ్ముడు ఆ రేకుని బావ చేతిలో పెట్టాడు.

"సోమవారం ఇది పట్టుకెళ్లు. నేనూ వస్తాను. మేనేజరు ముందు నేనే చెబుతా. ఈ రేకు వల్లే ఊగింది, మా బావ కన్ను మూయలేదు అని చెబుతా. నిన్ను అనరాని మాటలన్నాను. టీకొట్టు దగ్గర కూడా అన్నాను. సిగ్గుగా ఉంది."

"మేనేజరు అడుగుతాడు, ఎవరు వేశారని."

"చెప్పాలి మరి."

"చెబితే అది టీకొట్టుకీ చేరుతుంది. అక్కణ్నుంచి పైగది మెట్ల మీదకి ఎంతసేపు?" అన్నాడు బావ. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని అతను అనలేదు గానీ అతని మొహంలో అదే ఉంది. రేకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. తెల్లటి సగం పువ్వు మీద బొటనవేలు ఆనించాడు. ఆ వేలికి కొత్త గోరు సగమే వచ్చింది.

"నా కాలు విరిగింది" అంది అక్క. "నీ బస్సు పోయింది. అయినా నాన్నకి చెప్పకూడదా?"

"చెబితే బతుకుతాడా?"

ఇనప మెట్లు మోగాయి.

పెద్దాయన ఒక్కో మెట్టూ కాలితో వెతుక్కుంటూ దిగాడు. చక్రం గాలిలో ఉందని ఎలా తెలుసుకున్నాడో, తిన్నగా దాని దగ్గరికే వచ్చి చెయ్యి చాపాడు. తెరిచిన మూత చుట్టూ వేళ్లు తిప్పాడు. ఏదో లేదని అర్థమైంది.

"విప్పేశారేంట్రా? నా రేకేదీ?"

బావ ఇచ్చేశాడు. ఇవ్వకుండా ఉండడం అతనికి తోచలేదు. పెద్దాయన దాన్ని రెండు వేళ్ల మధ్య పట్టుకుని అంచులు తడుముకున్నాడు. మొహం విప్పారింది.

"చూశారా పనితనం? మీకు చెప్పలేదు, చెబితే మీరు చెయ్యనివ్వరు. పిల్ల చెయ్యి నొప్పంటే ఊరుకోబుద్ధి కాలేదు. వీడేమో బిగించి చంపాడు. ఒక్క రేకు, అంతే! ఏమ్మా, తేలిగ్గా తిరిగిందా లేదా?"

"తిరిగింది నాన్నా" అంది అక్క.

"విన్నావట్రా? కళ్లు పోతే పోనీ, నా చేతులు నాకున్నాయి. మూల కూర్చోమంటాడు వీడు" అని నవ్వి, నవ్వు ఆపి అడిగాడు. "ఇంతకీ తేలిందా? బండెందుకు పడిందో?"

తమ్ముడు నోరు తెరిచాడు. బావ అతని భుజం మీద చెయ్యి వేసి ఆపాడు. పెళ్లికి ముందు, ఇదే నేల మీద పని నేర్చుకున్న రోజుల్లో పిలిచిన పిలుపుతో పిలిచాడు.

"తేలింది, మేస్త్రీ. బండిలో ఏమీ లేదు. నాకే కునుకు పట్టింది."

అలా తన బస్సుని తనే వదిలేసుకున్నాడు, గట్టిగా ఊపిరైనా తియ్యకుండా. అక్క మొగుడి వైపు చూసింది. పెళ్లయిన ఇన్నేళ్లలో అతన్ని అలా చూడలేదు. అతని మీద ఆమెకి ఇంత ప్రేమ ఉందని ఆమెకే అప్పుడు తెలిసింది. ఆ మాట చెప్పడానికి అది సమయం కాదు గనక చెప్పలేదు.

పెద్దాయన తల ఆడించాడు. "ఒప్పుకున్నావు, చాలు. మనిషన్నాక కునుకు రాదా? డిపో వాళ్ల దగ్గర ఒక్క మాట నేను కూడా చెబుతాలే." రేకుని చొక్కా జేబులో వేసుకుని, పైనుంచి తట్టుకున్నాడు. "నాకు తెలుసు బండిలో లోపం లేదని. ఉంటే పొద్దున్న ధైర్యంగా డాక్టరమ్మ బండికి వేసేవాణ్నా?"

"ఏం వేశారు?" అన్నాడు బావ.

"రేకులే. పాపం ఆడమనిషి, నిన్న బండి వదిలినప్పుడే నాతో అంది, భుజాలు పడిపోతున్నాయని. వీడు స్పేర్ పార్టుల షాపుకి వెళ్లినప్పుడు మూత విప్పాను. ఆమెది మరీ బరువు కదా, అందుకని రెండు వేశాను."

ఆ బండికి కొత్త ఫెల్టులు లేవు. దాచిపెట్టేదేదీ లేదు. మొదటి గుంతే చాలు. తమ్ముడు అప్పటికే ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు, అవతల మోగడం కూడా లేదు. డాక్టరమ్మ రోజూ వెళ్లేది కొండ మీది ఊళ్లకి, ఆ కొండ మీదికి రెండు దారులు. ఒకటి తోటల వైపు నుంచి, ఒకటి క్వారీ వైపు నుంచి. ఏ దారిన వెళితే ఆమె ఎదురవుతుందో తెలియదు. గేటు దగ్గర అద్దం దించి ఆమె చెప్పింది విన్నవాడు ఒక్కడే.

"ఏంట్రా? ఎవరూ మాట్లాడరేం?" అన్నాడు పెద్దాయన.

అక్క కుర్చీలోంచి లేచింది. కర్ర కోసం చూసుకోలేదు. బండోడి మడ్‌గార్డు రెక్క పట్టుకుని, కుంటుకుంటూ వెళ్లి తండ్రి రెండు చేతులూ పట్టుకుంది.

"నాన్నా, ఆయన నిద్రపోలేదు. నీ రేకు వల్లే స్టీరింగు ఊగింది, నా కాలు విరిగింది. ఏడుద్దాం, తరువాత ఎంతసేపైనా ఏడుద్దాం. ముందు ఇది చెప్పు. డాక్టరమ్మ ఏ దారిన వెళుతున్నానంది?"

పెద్దాయన పెదాలు కదిలాయి. మాట రాలేదు.